కమాండ్ లైన్ ఈమెయిల్: ఆ పది లైన్లలో ఏముంది?

డేటా సెంటర్లో ఉండే సర్వర్‌కు సాధారణంగా మానిటరూ మౌసూ ఉండవు. రాత్రిపూట బ్యాకప్ మధ్యలో ఆగిపోయినా, డిస్కు నిండిపోయినా ఆ సంగతి బాధ్యుడికి చెప్పడానికి దానికి మొదటినుంచీ ఉన్న దారి ఈమెయిల్. బ్రౌజర్ తెరిచి సెండ్ నొక్కే మనిషి అక్కడ ఉండడు. మెయిల్‌ఎక్స్, మట్ లాంటి కమాండ్ లైన్ ప్రోగ్రాములు ఆ పని చేస్తాయి. వాటికి ఒక సెట్టింగుల ఫైలు కావాలి. సర్వర్ పేరు, పోర్టు నంబరు, టీఎల్‌ఎస్, యూజర్ పేరు, పాస్‌వర్డ్, ఎవరి పేరుమీద పంపాలి... అంతా కలిపి పది లైన్లు దాటదు. చాలామంది వాటిని ఎక్కడో చూసి దించుకుంటారు, పనిచేస్తే మళ్ళీ ఆ ఫైలు జోలికి పోరు. అది పెద్ద నష్టమని నా అభిప్రాయం. ఈమెయిల్ చరిత్రలో ఎక్కడెక్కడ నమ్మకం చెడిందో, దాన్ని ఎలా సరిదిద్దుకున్నారో ఆ లైన్లే చెబుతాయి. వాటి అర్థం తెలిస్తే మెయిల్ ఎందుకు పోలేదో ఎవరినీ అడగకుండా తేల్చుకోవచ్చు.

యూనిక్స్‌లో మొదటినుంచీ మెయిల్ రాసే ప్రోగ్రాం వేరు, దాన్ని మోసుకెళ్ళే ప్రోగ్రాం వేరు. 1978లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో కర్ట్ షోన్స్ రాసిన మెయిల్ ప్రోగ్రాం మొదటి రకం. ఇప్పటి మెయిల్‌ఎక్స్ దాని సంతతే. మోసే పనికోసం అదే విశ్వవిద్యాలయంలో ఎరిక్ ఆల్‌మన్ 1979లో డెలివర్‌మెయిల్, తర్వాత దాన్ని పెంచి సెండ్‌మెయిల్ రాశారు. 1983లో అది బీఎస్‌డీ యూనిక్స్‌తో కలిసి బయటికొచ్చింది. ఎన్ని రకాల నెట్‌వర్కులున్నా అన్నింటి మధ్యా మెయిల్ నడపగలగడం దాని గొప్పతనం. దాని సెట్టింగుల ఫైలు చదివి అర్థం చేసుకోవడం మాత్రం అనుభవజ్ఞులకే కష్టం. ఈనాడు పోస్ట్‌ఫిక్స్, ఎక్సిమ్, ఎంఎస్ఎంటీపీ లాంటివి దాని స్థానం తీసుకున్నాయి. అయినా ఆ పేరు పోలేదు. యంత్రంలో చాలా ప్రోగ్రాములు మెయిల్ పంపడానికి సెండ్‌మెయిల్ అనే పేరుకోసమే వెతుకుతాయి కాబట్టి, కొత్తవన్నీ అదే పేరుతో ఒక ద్వారం పెట్టుకుని కూర్చున్నాయి. మట్ సెట్టింగుల్లో సెండ్‌మెయిల్ అని ఒక లైను కనబడితే, అక్కడ అసలు సెండ్‌మెయిలే ఉందనుకోనక్కర్లేదు.

ఆ ద్వారం అవతల ఒక సంభాషణ నడుస్తుంది. దాని నియమాలను జాన్ పోస్టెల్ 1982 ఆగస్టులో ఇంటర్నెట్ ప్రమాణ పత్రాల వరుసలో ఆర్‌ఎఫ్‌సి 821గా ప్రచురించారు. ఎస్‌ఎంటీపీ అంటే అదే. పంపే యంత్రం 25వ నంబరు పోర్టుకు వెళ్ళి హెలో అని తన పేరు చెబుతుంది. ఫలానావారి నుంచి అంటుంది, ఫలానావారికి అంటుంది, డేటా అని చెప్పి ఉత్తరం మొత్తం అప్పగిస్తుంది. చివర ఒక లైనులో ఒంటరి చుక్క పెడితే ఉత్తరం ముగిసినట్టు. ప్రతి మాటకూ అవతలి యంత్రం మూడంకెల జవాబిస్తుంది. అప్పటికి ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్‌లో ఉన్నవి కొన్ని వందల యంత్రాలే. వాటిని నడిపేవాళ్ళు చాలావరకు ఒకరికొకరు తెలిసినవాళ్ళు. అందుకే ఈ సంభాషణలో "నువ్వెవరు, రుజువేది?" అనే ప్రశ్న లేదు. వచ్చినవాడు ఏ పేరు చెబితే అదే.

కవరు మీద రాసే పంపినవారి చిరునామాకూ, లోపలి కాగితం మీద "ఇట్లు" కింద ఉండే సంతకానికీ సంబంధం ఉండి తీరాలని తపాలా శాఖ అడగదు. ఎస్‌ఎంటీపీదీ అదే పద్ధతి. సంభాషణలో చెప్పే ఫ్రమ్ వేరు, మెయిల్ తెరిచాక మనకు కనిపించే ఫ్రమ్ వేరు. మొదటిదాన్ని ఎన్వలప్ అంటారు. మెయిల్ చేరకపోతే ఆ కబురు తిరిగి వచ్చేది ఎన్వలప్ చిరునామాకే. ఎంఎస్ఎంటీపీ ఫైలులో ఫ్రమ్ అనే లైను ప్రధానంగా దీనికోసమే. ఆ లైను లేకుండా సర్వర్ నుంచి పంపితే చాలా ప్రోగ్రాములు యూజర్ పేరునూ యంత్రం పేరునూ కలిపి ఒక చిరునామా కల్పిస్తాయి. రూట్ ఎట్ లోకల్‌హోస్ట్ లాంటి ఆ చిరునామాను బయటి ప్రపంచంలో ఎవరూ నమ్మరు. మెయిల్ "పోయింది" అని తెరమీద కనిపించి, అవతలివాళ్ళకు చేరనప్పుడు నేను మొదట చూడమనేది ఈ లైనునే.

అడ్డూ అదుపూ లేని ఆ నమ్మకాన్ని స్పామ్ పంపేవాళ్ళు వాడుకున్నారు. ఏ ఊరి సర్వర్ ద్వారానైనా ఎవరి మెయిలైనా పంపగలిగే రోజులు 1990ల దాకా సాగాయి. 1998లో వచ్చిన సెండ్‌మెయిల్ 8.9 అలా పరాయి మెయిల్ మోయడాన్ని ముందుగానే ఆపేసి వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సి 2476, మనుషులు మెయిల్ అప్పగించే దారినీ సర్వర్లు తమలో తాము మార్చుకునే దారినీ విడదీసింది. అప్పగించే దారి నంబరు 587. మరుసటి సంవత్సరం యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడిగే పద్ధతి, అంటే ఆథ్, ప్రమాణంగా స్థిరపడింది. ఇప్పుడు చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఇళ్ళ కనెక్షన్ల నుంచి 25వ పోర్టుకు వెళ్ళే దారిని మూసేస్తాయి. పాత పుస్తకం చూసి సెట్టింగుల్లో 25 అని రాసి, జవాబు రాక గంటలు పోగొట్టుకునే విద్యార్థులు ఎందరో. అక్కడ తప్పు వాళ్ళ ప్రోగ్రాముది కాదు, తలుపే వేసి ఉంది.

ఆథ్ వచ్చాక ఇంకో చిక్కు వచ్చింది. పాస్‌వర్డ్ సాధారణంగా బేస్ 64 రూపంలో వెళుతుంది. చూడటానికి రహస్య లిపిలా ఉంటుంది కానీ అది రహస్యం కాదు, ఎవరైనా క్షణంలో విప్పగల అక్షరాల మార్పిడి మాత్రమే. కాబట్టి సంభాషణ మొత్తాన్నీ గుప్తలిపి పొర అయిన టీఎల్‌ఎస్‌తో కప్పాలి. దానికి రెండు దారులున్నాయి. 587లో మామూలు మాటలతో మొదలుపెట్టి, స్టార్ట్‌టీఎల్‌ఎస్ అని చెప్పి అక్కడినుంచి గుప్తంగా మాట్లాడటం ఒకటి. 465లో మొదటి అక్షరం నుంచే గుప్తంగా మాట్లాడటం రెండోది. మొదటి దారిలో ఒక లోపముంది. మధ్యలో ఉన్న దొంగ, సర్వర్ పంపిన జవాబులోంచి "నాకు స్టార్ట్‌టీఎల్‌ఎస్ వచ్చు" అన్న ముక్కను తీసేయగలడు. వీలుంటే గుప్తంగా, లేకపోతే బాహాటంగా అని సర్దుకుపోయే ప్రోగ్రాం అయితే పాస్‌వర్డ్ అతని చేతికే ఇస్తుంది. సెట్టింగుల్లో టీఎల్‌ఎస్ తప్పనిసరి అని రాయడం అందుకే. 2018 జనవరిలో ఆర్‌ఎఫ్‌సి 8314 మొదటినుంచీ గుప్తంగా ఉండే 465నే మేలైనదిగా చెప్పింది. రెండూ అందుబాటులో ఉంటే 465నే ఎంచుకోండి. ఎంఎస్ఎంటీపీలో అప్పుడు స్టార్ట్‌టీఎల్‌ఎస్ లైనును ఆఫ్ చేయాలి. పోర్టు మార్చి ఆ లైను మరిచిపోతే ఇద్దరూ ఎదుటివాడే ముందు మాట్లాడాలని ఎదురుచూస్తూ ఉండిపోతారు.

ఈ గుప్త సంభాషణలో అవతలి సర్వర్ ఎవరో రుజువు చేసే సర్టిఫికెట్ దగ్గర పొరపాటు వచ్చినప్పుడు తనిఖీనే ఆపేయమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. దయచేసి వినకండి. తాళం బిగించి, తాళంచెవి ఎవరికిస్తున్నామో చూడకపోవడం అది. యంత్రం గడియారం తప్పుగా ఉందేమో, నమ్మదగిన సర్టిఫికెట్ల ఫైలు దారి సరిగా ఇచ్చామా లేదా చూస్తే చాలావరకు అక్కడే తేలిపోతుంది.

పాస్‌వర్డ్‌ను ఫైలులో నేరుగా రాయకుండా, దాన్ని భద్రంగా దాచిన చోటునుంచి తెచ్చే కమాండు రాయడానికి ఎంఎస్ఎంటీపీలో వీలుంది. నేరుగా రాసి, ఆ ఫైలును ఇతరులు చదవగలిగేలా వదిలితే అది పని చేయడానికే ఒప్పుకోదు. అనుమతులు 600కి, అంటే యజమాని ఒక్కరే చదివి రాయగలిగేలా, తగ్గించాల్సిందే. జీమెయిల్ వాడేవాళ్ళకు ఇంకో సంగతి. 2022 మే 30 నుంచి మామూలు ఖాతాలకు అసలు పాస్‌వర్డ్ ఇలాంటి ప్రోగ్రాముల్లో చెల్లదు. రెండంచెల ధ్రువీకరణ పెట్టుకుని, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి.

ఎంఎస్ఎంటీపీ తేలికైనది, కానీ దానికి క్యూ లేదు. ఆ క్షణంలో నెట్ లేకపోతే తప్పు చూపించి ఊరుకుంటుంది. పోస్ట్‌ఫిక్స్ అయితే దాచుకుని మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది, మనం మార్చకపోతే దాని గడువు ఐదు రోజులు. హెచ్చరికలు పంపే సర్వర్‌కు పోస్ట్‌ఫిక్స్, ల్యాప్‌టాప్‌కు ఎంఎస్ఎంటీపీ సరిపోతాయి.

ఏదైనా తేడా వస్తే డీబగ్ పెట్టి పంపండి, సంభాషణ మొత్తం తెరమీద కనిపిస్తుంది. జవాబులో మొదటి అంకె చూడండి. 2 అంటే సరే, 3 అంటే కానివ్వు, 4 అంటే ఇప్పుడు కాదు మళ్ళీ రా, 5 అంటే కుదరదు. 535 వస్తే పాస్‌వర్డ్ గొడవ. 530 వస్తే మీరు ఆథ్ లేదా టీఎల్‌ఎస్ చేయకుండానే మాట్లాడుతున్నారు. 4తో మొదలయ్యేదానికి కంగారుపడి సెట్టింగులు మార్చకండి, కాసేపాగి చూడండి.

ఇక తెలుగు మాట. 1982 నాటి ఎస్‌ఎంటీపీకి తెలిసింది 128 గుర్తుల ఆస్కీ మాత్రమే. అందులో మన అక్షరాలకు చోటు లేదు. 1992 జూన్‌లో నథానియెల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ ప్రచురించిన మైమ్ ఆ చోటు కల్పించింది, ఆస్కీ కానిదాన్ని ఆస్కీ వేషంలో పంపే పద్ధతులు ఇచ్చింది. యూనికోడ్ అక్షరాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికీ 3 బైట్లు. "అమ్మ"లో అ, మ, పొల్లు గుర్తు, మ అని 4 సంకేతాలు, అంటే 12 బైట్లు. బేస్ 64లో అది 16 అక్షరాలవుతుంది. క్వోటెడ్ ప్రింటబుల్ అనే రెండో పద్ధతిలో ఏకంగా 36. తెలుగు మెయిల్‌కు మొదటిదే చవక. మూడు బైట్లు సరిగ్గా నాలుగు బేస్ 64 అక్షరాలవడం వల్ల ఒక చక్కని విషయం కనిపిస్తుంది. అ నుంచి హ దాకా దాదాపు ఏ అక్షరంతో సబ్జెక్టు మొదలైనా, దాని బేస్ 64 రూపం 4, ఎల్, సి అనే మూడు గుర్తులతోనే మొదలవుతుంది. సర్వర్ లాగ్‌లో ఆ మూడూ కనబడితే లోపల తెలుగుందని విప్పకుండానే పసిగట్టవచ్చు.

మట్ ఈ మార్పిడి తానే చేస్తుంది. ఎంఎస్ఎంటీపీ చేయదు, ఇచ్చింది ఇచ్చినట్టు మోస్తుంది, కాబట్టి మైమ్ హెడర్లు మనమే రాయాలి. మెయిల్‌ఎక్స్ మాత్రం యంత్రం లొకేల్, అంటే భాష, అక్షరాల సెట్టింగు, చూసి నిర్ణయిస్తుంది. టెర్మినల్లో కూర్చుని పంపితే చక్కగా వెళ్ళిన తెలుగు మెయిల్, అదే కమాండు, చెప్పిన వేళకు కమాండులు నడిపే క్రాన్ ద్వారా రాత్రి నడిచినప్పుడు చదవలేని అటాచ్‌మెంటుగా చేరడం కొన్ని మెయిల్‌ఎక్స్ రకాల్లో జరుగుతుంది. క్రాన్ నడిపే వాతావరణంలో చాలాసార్లు లొకేల్ ఉండదు. అప్పుడు ప్రోగ్రాం మన అక్షరాలను గుర్తుపట్టలేక "ఏదో బైనరీ" అని ముద్ర వేసి పంపుతుంది. దానికి మెయిల్ సర్వర్ సెట్టింగులు ఎంత తిప్పినా లాభం లేదు. క్రాన్‌టాబ్ (క్రాన్ పనుల ఫైలు) మొదట్లో లాంగ్ అనే వేరియబుల్‌కు ఆ యంత్రంలో ఉన్న యూటీఎఫ్-8 లొకేల్ పేరు ఒకటి ఇవ్వాలి. అది తెలుగు లొకేలే కానక్కర్లేదు, ఏ భాషదైనా చాలు.