బొగ్గుబాయి : సింగరేణి గనులు - స్థానిక జనుల లాభనష్టములు

తెలంగాణమున సామాన్యజనులు బొగ్గుగనిని 'గని' యని పిలుచుట అరుదు, 'బాయి' యందురు. 'బాయి పని', 'బాయి దిగుట', 'బాయి మీదికి పోవుట' అనునవి ఇల్లెందు మొదలు బెల్లంపల్లి వరకు నిత్యము వినవచ్చు ప్రయోగములు. 'ఖని' తత్సమము; 'గని' దాని తద్భవమని నిఘంటుకారులు చెప్పుదురు. ఈ రెండును కాగితములయందును, గోదావరిఖని వంటి ఊరిపేళ్లయందును నిలిచినవి. నేలను త్రవ్వి, అందు దిగి, జీవనాధారమగు దానిని పైకి దెచ్చుట రైతునకు బావి వలననే తెలిసిన పని. కావున ఆ మాటయే క్రొత్త పనికిని సంక్రమించినది. ఈ బొగ్గుబాయి నీటిబావి వలె తన చుట్టునున్న వారిని పోషించినదా, లేక వారి నీటిబావులనే ఎండగట్టినదా యనునది ఈ వ్యాసమున పరిశీలింపదలచిన విషయము. రెండును జరిగినవని వెంటనే చెప్పవచ్చును. కాని అవి ఒకే కాలమున, ఒకే జనులకు జరిగినవి కావు. లాభనష్టములను గూర్చిన చర్చలయందు తరచుగా మరుగుపడునది ఈ భేదమే.

భద్రాచల యాత్రకు పోవు వారు ఇల్లెందు ప్రాంతమున నల్లరాళ్లను పొయ్యిగా నమర్చి వంట చేయగా ఆ రాళ్లే అంటుకొన్నవని యొక ఐతిహ్యము కలదు. చరిత్రకు తెలిసిన విషయ మేమనగా, 1871లో భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన విలియం కింగ్ ఇచట బొగ్గును గుర్తించెను. ఈ ప్రాంతపు బొగ్గుపొరలలో నొకదానికి నేటికిని 'కింగ్ సీమ్' అని పేరు. దాని తోడి పొర 'క్వీన్ సీమ్'. 1886లో ఇంగ్లండున స్థాపితమైన హైదరాబాదు (దక్కన్) కంపెనీ త్రవ్వకపు హక్కులను బడసెను. 1889లో ఇల్లెందున త్రవ్వకము ప్రారంభమయ్యెను. సమీపముననున్న సింగరేణి గ్రామము పేరు గనులకు వచ్చి, 1920లో ఏర్పడిన సంస్థకును అదియే స్థిరపడెను. 1945లో నిజాము ప్రభుత్వము వాటాలలో అధికభాగమును కొనెను. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వమునకు 51 శాతము, కేంద్రమునకు 49 శాతము వాటాలు కలవు. ఈ విధముగా, దేశమందలి యితర బొగ్గుగనులు 1970 దశకమున జాతీయము కాకపూర్వమే, సింగరేణి ప్రభుత్వాధీనమున నుండెను. గని ప్రజలదే యైనప్పుడు దాని ఫలము ఏ ప్రజలకు ఎంత చేరవలెనను ప్రశ్న మరింత న్యాయమగుచున్నది.

మొదటి ఎనుబదియైదేండ్లును ఇచట ప్రధానముగా సాగినది భూగర్భ త్రవ్వకము. దాని విధానమును తెలిసికొననిచో దాని ఫలితము బోధపడదు. బొగ్గుపొరలోనికి సొరంగములను త్రవ్వుచు, నడుమ నడుమ బొగ్గు స్తంభములను విడుచుచు పోవుదురు. పైకప్పును ఆ స్తంభములు మోయును. పిదప స్తంభములను గూడ తీసి, ఏర్పడిన ఖాళీని నీటితో కలిపిన గోదావరి యిసుకచే నింపుదురు. లేదా కప్పును క్రమముగా కూలనిత్తురు. ఈ పనికి వేలకొలది చేతులు కావలెను. కోల్‌ఫిల్లరు బొగ్గును చెమ్మసుతో తట్టకెత్తి టబ్బులో నింపవలెను. ట్రామరు టబ్బులను త్రోయవలెను. టింబర్‌మన్ కప్పునకు కర్రలను ఊతపెట్టవలెను. 'తట్టాచెమ్మసు' అను జంటపదము ఆ శ్రమకంతటికిని గుర్తుగా నేటికిని కార్మికుల నోట నిలిచియున్నది.

ఆ చేతులు చుట్టుపట్ల పల్లెలనుండియే అధికముగా వచ్చెను. కరీంనగరు, ఆదిలాబాదు, వరంగల్లు, ఖమ్మం జిల్లాలలో వాననీటి సేద్యముపై బ్రదుకు సన్నకారు రైతులును, దొర యింట పాలేరుతనము చేసినవారును, కులవృత్తి జరుగనివారును బాయి దిగిరి. నెలజీతము, ప్రావిడెంటు ఫండు, క్వార్టరు, ఆసుపత్రి, పిల్లలకు బడి అనునవి వారి పూర్వులెరుగనివి. ఊరిలో కులమును బట్టి పిలుపుండగా, బాయి మీద మస్టరు పుస్తకములోని పేరును బట్టి పిలుపుండెను. పని చేయలేని స్థితికి వచ్చిన కార్మికుని బదులు అతని కుమారునకు పని యిచ్చు ఆచారముచే ఈ మేలు రెండవ తరమునకును కొంత అందెను. జీతములనాడు కొత్తగూడెము, బెల్లంపల్లి, మందమర్రి బజారులు నిండెడివి. కూరగాయలమ్ము రైతునుండి బట్టలు కుట్టు దర్జీ వరకు ఎందరో ఆ జీతముపై ఆధారపడిరి. బొగ్గుబాయి పోషించినదనుటకు ఇది నిదర్శనము.

ఆ మేలునకు కార్మికులు చెల్లించిన మూల్యము స్వల్పము కాదు. కప్పు కూలుట, విషవాయువులు, మందుగుండు ప్రమాదములు అట్లుండగా, ఏండ్ల తరబడి పీల్చిన బొగ్గుధూళి ఊపిరితిత్తులలో పేరుకొని శ్వాసను హరించు వ్యాధి మెల్లమెల్లగ పనిచేయును. అది తరచు పదవీవిరమణ పిదపనే బయటపడును. 2003 జూన్ 16న గోదావరిఖని ప్రాంతపు గనిలోనికి ఒక్కసారిగ నీరు చొచ్చుకొనివచ్చి 17 మంది మృతినొందిరి. అయినను ఒక విషయమును గమనింపవలెను. ఈ దశయందు అపాయమునకు గురియగు కుటుంబమును, జీతమును పొందు కుటుంబమును చాలవరకు ఒక్కటియే. లాభనష్టములు రెండును ఒకే యింటి గడప దాటివచ్చెడివి. బేరము కఠినమే, కాని బేరమాడుటకు కార్మికునకు సంఘమును, సమ్మెయు ఉండెను.

1975లో యంత్రసహాయముతో ఉపరితల త్రవ్వకము ప్రారంభమగుటతో ఈ పొత్తు విడిపోయినది. దీనిని జనులు 'బాయి' యనరు. 'ఓపెన్‌కాస్టు' అనియో 'ఓసీ' అనియో అందురు. దిగుటకు సొరంగము లేని ఈ గోతికి బావితో పోలిక వారికి తోచలేదని ఊహింపవచ్చును. ఇందు పొరపైనున్న నేల నంతను తొలగించి బొగ్గును తీయుదురు. ఒక టన్ను బొగ్గునకై కొన్ని ఘనపు మీటర్ల మట్టిని, రాతిని ఎత్తిపోయవలసియుండును. పంటపొలము, చెరువు, అడవి, ఊరు ఏది యడ్డమున్నను తొలగవలసినదే. తీసిన మట్టి కొండలై మరికొంత నేలను ఆక్రమించును. గోయి లోతగుకొలది పరిసరములందలి భూగర్భజలము దానిలోనికి ఊరి, నీటిబావులు ఎండుట, పేలుళ్లచే ఇండ్ల గోడలు బీటలువారుట, ధూళి పైరుపై పేరుట మున్నగునవి ఈ పద్ధతికి సహజములు. గనినుండి తోడిన నీటిని కొన్ని గ్రామములకు సాగునకును త్రాగుటకును ఇచ్చుట, మట్టిదిబ్బలపై మొక్కలు నాటుట కలవు. ఇవి నష్టమును తగ్గించును గాని పోయిన చెల్కను, చెరువును తిరిగి తేజాలవు.

ఉపరితల త్రవ్వకమున కార్మికుని ప్రాణాపాయము తక్కువ, ఉత్పత్తి అధికము అను మాట నిజమే. 1990 దశకారంభమున లక్షకు పైబడిన ఉద్యోగులు సంవత్సరమునకు సుమారు రెండు కోట్ల టన్నుల బొగ్గును తీసిరి. 2023-24లో ఏడు కోట్ల టన్నులు తీయబడెను. శాశ్వతోద్యోగులు మాత్రము సుమారు 42 వేలే. బొగ్గు మూడింతలకు మించి పెరుగగా, శాశ్వతోద్యోగుల ఇండ్లు సగముకంటె తక్కువయ్యెను. అనగా పూర్వము తక్కువ నేలను చెరచి ఎక్కువ మందికి పని యిచ్చిన పరిశ్రమ, ఇప్పుడు ఎక్కువ నేలను తీసికొని తక్కువ మందికి పని యిచ్చుచున్నది. భూమి పోయినవాడొకడు, జీతము వచ్చువాడు వేరొకడు. ఆ పని చేయువారిలోను భేదమున్నది. 2023-24 లాభములనుండి 2024 సెప్టెంబరులో ప్రకటింపబడిన పంపకమున శాశ్వత కార్మికునకు సగటున సుమారు 1,90,000 రూపాయలు రాగా, దాదాపు 25 వేల మంది కాంట్రాక్టు కార్మికులకు తలకు 5,000 రూపాయలు వచ్చెను. కాంట్రాక్టు కార్మికులకు అట్టి భాగము దక్కుట అదియే ప్రథమము.

ఇక 'స్థానికుడు' ఎవడను ప్రశ్న మిగిలియున్నది. ఇది క్రొత్తది కాదు. సింగరేణి బొగ్గుతో నడచు కొత్తగూడెము థర్మల్ విద్యుత్కేంద్రమున ముల్కీ నిబంధనలు పాటింపబడలేదను ఆక్షేపణతో పాల్వంచలో రేగిన అలజడియే 1969 తెలంగాణోద్యమమునకు నాంది యయ్యెను. అయితే స్థానికుడను మాటలో ఆ మండలమున పుట్టిన ఉద్యోగార్థి మాత్రమే ఇమిడియుండలేదు. ఇల్లెందు, మణుగూరు పరిసరములు కోయల నివాసములు. అందధికభాగము షెడ్యూల్డు ప్రాంతము. పోడు చేసికొనువానికిని, కౌలుదారునకును, ఇతరుల పొలమున కూలి చేయువానికిని పట్టా లేదు. 1894 నాటి భూసేకరణ చట్టము ప్రధానముగా హక్కుదారునే చూచెను. కావున పరిహారము పట్టా వెంట పోయెను గాని పొట్ట వెంట పోలేదు. షెడ్యూల్డు ప్రాంతములలో భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదింపవలెనని 1996 చట్టమును, అటవీ హక్కులను గుర్తింపవలెనని 2006 చట్టమును, జీవనోపాధి కోల్పోవు కూలీలను కౌలుదార్లను గూడ లెక్కింపవలెనని 2013 చట్టమును చెప్పినవి. లోపమెచట నుండెనో ఈ చట్టముల వరుసయే తెలుపుచున్నది. కాని ఇవి రాకపూర్వమే తరలిన పల్లెలు పెక్కు.

గని మూతపడుటయు ఒక నష్టమే. బొగ్గు తరిగిపోవునది, గనికి ఆయుఃపరిమితి కలదు. బాయిలు మూతపడగా బెల్లంపల్లి వంటి పట్టణము తన పూర్వపు సందడిని కోల్పోయెను. జీతముపై నిలిచిన బజారు జీతముతోనే పోవును. సేద్యమును విడిచి రెండు తరములైన కుటుంబమునకు తిరిగి పోవుటకు నాగలి యుండదు. భూమి గోతియైనచో నేలయు ఉండదు.

కావున బొగ్గుగనుల వలన స్థానికులకు మేలు కలిగినదా, కీడు కలిగినదా అని యేకవాక్యముగ అడుగుట సరికాదు. ఏ పద్ధతిని త్రవ్విన గని, ఏ కాలమున, ఎవరికి అని విడదీసి అడుగవలెను. భూగర్భ గని ఇచ్చిన మేలును చూపి ఉపరితల గనిని సమర్థించుటయు, ఉపరితల గని చేసిన కీడును చూపి భూగర్భ గని నిలబెట్టిన లక్ష కుటుంబములను మరచుటయు సమానమగు దోషములే. కీడు పడినవారికే మేలులో మొదటి భాగము చేరవలెను. ఈ కొలతకు నిలిచిన గనియే న్యాయమైనదని నా అభిప్రాయము.

ఈ విషయమున తెలుగు పరిశోధకులు చేయదగిన పనియు కలదు. చెమ్మసు, మస్టరు, నాగా, టబ్బు మున్నగు కార్మికపదములు చేతిపనితోపాటు మరుగగుచున్నవి. తరలింపబడిన పల్లెలలో ప్రతి పొలమునకు, ప్రతి కుంటకు, ప్రతి వాగునకు ఒక పేరుండెను. సర్వే సంఖ్యలు కాగితములందు నిలుచును గాని ఆ పేర్లు నిలువవు. వానిని పలికిన వృద్ధులు పునరావాస కాలనీలలో ఇంకను కొందరున్నారు. ఆ పేర్లను ఇప్పుడే వ్రాసికొనినచో, పోయినదేమో చెప్పుటకు ఆధారమైనను మిగులును. పోయినదేదియో తెలియనిదే దానికి పరిహారమును నిర్ణయించుట సాధ్యము కాదు.