పటాన్‌చెరులో నడక... కాశీలో మజిలీ!

నడిచేది ఇంటి చుట్టుపక్కలే. చేరేది మాత్రం కథలోని ఊరికి! రోజువారీ నడకనీ సైకిలు సవారీనీ ఓ కల్పిత ప్రయాణంతో ముడిపెట్టి లెక్కలేసుకోవడం విదేశాల్లో ఓ పెద్ద సరదా. కాశీమజిలీ కథలు చదివిన ఇంట్లో మాత్రం ఈ కిటుకు కొత్తదేం కాదు.

పొద్దున్నే ఆరుగంటలవేళ ఇస్నాపూర్ చౌరస్తా. రాత్రి షిఫ్టు దిగినవాళ్లు ఇటు, పొద్దుటి షిఫ్టుకి పోయేవాళ్లు అటు. కంపెనీ బస్సులూ షేర్ ఆటోలూ, హ్యాండిల్‌కి టిఫిన్ డబ్బా వేలాడేసుకున్న సైకిళ్లూ. పాశమైలారం వైపు తిరిగే లారీల వరస. ఆ సందట్లోనే రోడ్డు వారగా తెల్లబూట్లేసుకుని గబగబా అడుగులేసే మనుషులు నలుగురైదుగురు కనిపిస్తారు. వాళ్లు ఏ షిఫ్టుకీ పోవడం లేదు. షుగరుందనో బీపీ వచ్చిందనో డాక్టరు నడవమన్నాడు కాబట్టి నడుస్తున్నారు.

అరగంట ముందుకి వెళ్తారు. అరగంట వెనక్కి వస్తారు. ఎక్కడ బయల్దేరారో అక్కడికే. రేపూ అంతే, ఎల్లుండీ అంతే. కాళ్లనొప్పుల్నయినా ఓర్చుకోవచ్చుగానీ ఈ ఎక్కడికీ చేరకపోవడాన్ని ఓర్చుకోవడం మహా కష్టం. ముచ్చటపడి కొన్న బూట్లు నెల తిరక్కుండానే గుమ్మం పక్కన దుమ్ముకొట్టుకుపోయేది అందుకే. మన దేశంలో మధుమేహులు పదికోట్ల పైమాటేనని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం తేల్చింది. కాబట్టి ఆ బూట్ల సంగతి తేలిగ్గా తీసిపారేసేది కాదు.

మరి ఏం చేస్తే కాళ్లు రేపు కూడా గడప దాటతాయి? కొందరు కనిపెట్టిన ఉపాయం... ఆ నడకకి ఓ కథని తగిలించడం.

ఉంగరం వెంట 2,863 కిలోమీటర్లు

జె.ఆర్.ఆర్. టోల్కీన్ రాసిన 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' నవల 1954-55లో వచ్చింది. 2001 నుంచి 2003 దాకా ఏడాదికొకటి చొప్పున వచ్చిన మూడు సినిమాలూ పిల్లలున్న ప్రతి ఇంటికీ పరిచయమే. ఫ్రోడో అనే పొట్టివాడు ఓ దుష్టశక్తి చేసిన ఉంగరాన్ని పట్టుకుని, అది తయారైన అగ్నిపర్వతంలోనే దాన్ని పారేయడానికి బయల్దేరతాడు. కొండలూ అడవులూ చిత్తడినేలలూ దాటుకుంటూ దాదాపు అంతా కాలినడకే.

ఆ దారి ఎంత పొడవు? కథే కదా, ఎంతయినా అనుకోవచ్చు అంటారేమో. అమెరికాకి చెందిన పటాల నిపుణురాలు కరెన్ విన్ ఫాన్‌స్టాడ్ అలా అనుకోలేదు. నవలలో ఏ రోజు ఎంత దూరం నడిచారు, ఏ వాగు దగ్గర ఆగారు, ఎప్పుడు చీకటి పడింది... అన్నీ ఏరి, లేని ప్రపంచానికి ఉన్న ప్రపంచమంత పకడ్బందీగా అట్లాసు గీసింది. 1981లో అచ్చయిన ఆ పుస్తకం పట్టుకుని అభిమానులు మైళ్లు కొలిచారు. ఫ్రోడో ఇంటి నుంచి రివెండెల్ దాకా 458 మైళ్లు. అక్కణ్నుంచి లోత్‌లోరియన్ అడవికి 462. ఆపైన రౌరస్ జలపాతానికి 389. చివరిగా అగ్నిపర్వతానికి 470. వెరసి 1,779 మైళ్లు... అంటే సుమారు 2,863 కిలోమీటర్లు.

ఇక ఆట మొదలు. ఇవాళ నాలుగు కిలోమీటర్లు నడిచారా? ఫ్రోడో ఊరు ఇంకా దాటలేదన్నమాట. వంద దాటారా? నల్లరౌతులు వెనకపడిన దారిలో ఉన్నారు. కొందరు నోటుపుస్తకంలో రాసుకుంటారు, కొందరు కంప్యూటర్‌లో. కథలోని తొలి మజిలీని ఫ్రోడో నెలలోపే ముగిస్తాడు. వెనక తరిమేవాళ్లుంటే ఎవరైనా నడుస్తారు మరి! రోజుకి ఐదు కిలోమీటర్లు నడిచే మామూలు మనిషికి అదే మజిలీకి అయిదు నెలలు కావాలి. మొత్తం దారికైతే ఏడాదిన్నర దాటుతుంది. రోజూ ఇరవై కిలోమీటర్లు తొక్కే సైకిలిస్టుకి అయిదు నెలలు చాలు. తమాషా ఏమిటంటే లోత్‌లోరియన్ నుంచి జలపాతం దాకా కథలోవాళ్లు హాయిగా పడవల మీద వెళ్లారు. పాపం, అభిమానులు మాత్రం ఆ 389 మైళ్లూ నడిచే తీరాలి.

ఈ సరదా ఇప్పుడు వ్యాపారం కూడా అయింది. డబ్బు కడితే యాప్‌లో పటం చూపించి, దారి పూర్తయ్యాక ఇంటికి పతకం పంపే కంపెనీలున్నాయి. ఇంట్లో స్టాండు మీద బిగించిన సైకిలు తొక్కుతుంటే ఎదురుగా తెర మీద ఊహాద్వీపాలు కదిలే 'జ్విఫ్ట్' 2014లో వచ్చింది. అందులో బాగా పేరున్న ద్వీపం వాటోపియా. ఏ దేశపటంలోనూ వెతకొద్దు, దొరకదు.

దొంగదారులూ ఉన్నాయండోయ్. గతుకుల రోడ్డు మీద షేర్ ఆటో ఎక్కితే జేబులోని ఫోను కుదుపులన్నిటినీ అడుగులుగా లెక్కేసుకునే ప్రమాదముంది. మనుచరిత్రలో ప్రవరుడికి సిద్ధుడిచ్చిన పాదలేపనం లాంటిదే ఇది. కాలు కదపకుండానే హిమాలయాలు! ఆ లేపనం మంచుకి కరిగిపోయాక ప్రవరుడు పడ్డ అవస్థ తెలిసిందేగా.

జైలుగోడల మధ్య భూప్రదక్షిణ

ఫోన్లూ యాప్‌లూ పుట్టకముందే ఈ పని చేసినవాడొకడున్నాడు. ఆదర్శంగా చెప్పుకోదగ్గ మనిషి మాత్రం కాదు. హిట్లర్ ఆయుధశాఖ మంత్రి ఆల్బర్ట్ స్పియర్. యుద్ధకాలంలో లక్షలమంది చేత బానిసచాకిరీ చేయించిన నేరానికి న్యూరెంబర్గ్ న్యాయస్థానం ఇరవయ్యేళ్ల శిక్ష వేసింది. బెర్లిన్‌లోని స్పాండౌ జైల్లో పెట్టారు. జైలు తోటలో తిరిగే బాట ఒక చుట్టు ఎంతో కొలుచుకుని 1954లో నడక మొదలెట్టాడు. చుట్లు మర్చిపోకుండా జేబులో గింజలు పోసుకుని, చుట్టుకో గింజ చొప్పున ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మార్చుకునేవాడు. మొదట హైడెల్‌బర్గ్ దాకా అనుకున్నాడు. అది అయిపోయింది. తర్వాత టర్కీ, అఫ్గానిస్థాన్, మన దేశం, చైనా... బేరింగ్ జలసంధి దాటి అమెరికా ఖండం. ఏ దేశం మీదుగా 'వెళ్తుంటే' ఆ దేశం పుస్తకాలూ పటాలూ తెప్పించుకుని చదివేవాడు. 1966లో విడుదలయ్యేనాటికి 31,816 కిలోమీటర్లు పూర్తయ్యాయి. లెక్కప్రకారం అప్పటికతను మెక్సికోలోని గ్వాదలహారాకి 35 కిలోమీటర్ల దక్షిణాన ఉన్నాడు.

సంగారెడ్డి పాతజైలు చూసొచ్చినవాళ్లకి ఈ సంగతి ఇంకా బాగా బోధపడుతుంది. 1796లో కట్టిన ఆ జైలు 2016లో మ్యూజియం అయింది. అయిదొందలు కట్టి ఓ రోజంతా ఖైదీలా ఉండే ఏర్పాటుతో అప్పట్లో దేశమంతా దాని గురించి మాట్లాడుకున్నారు. ఆ గోడల మధ్య నాలుగడుగులు వేస్తే చాలు... నడవడానికి చోటు లేనప్పుడు మనసు ఎందుకు దారులు వెతుక్కుంటుందో అర్థమవుతుంది.

షరతు మీద బయల్దేరిన కుర్రాడు

ఇక మన ఇంటి సంగతి. మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన 'కాశీమజిలీ కథలు' పన్నెండు భాగాలు. మణిసిద్ధుడనే యతి కాశీకి బయల్దేరతాడు. అంత దూరం ఒంటరిగా పోకూడదని తోడు కోసం వెతికితే ఎవరూ రారు. చివరికి పశువులు కాచుకునే కుర్రాడొకడు సరేనంటాడు. కానీ షరతు. దారిలో తనకేదైనా వింత కనిపిస్తే దాని కథేమిటో మజిలీలో విప్పి చెప్పాలి. చెప్పలేకపోయారా... అక్కణ్నుంచే వెనక్కి! యతి ఒప్పుకుంటాడు. అలా మజిలీకో కథ చొప్పున వందల కథలు. పాతాళభైరవి సినిమా (1951) కథకి మూలం కూడా ఈ మజిలీల్లోదే.

ఒక్కసారి ఆ కుర్రాడి వైపు నుంచి ఆలోచించండి. అతనికి పుణ్యం మీద ధ్యాస లేదు. కాశీ ఎక్కడుందో కూడా పట్టదు. కథ వినాలి, అందుకు నడవాలి. ఇవాళ్టి కథ అయిపోయింది కాబట్టి రేపు పొద్దున మళ్లీ లేవాలి. విదేశీ అభిమానులు అట్లాసు పెట్టుకుని కనిపెట్టిన కిటుకంతా ఈ ఒప్పందంలోనే ఉంది.

కథలోని ప్రయాణం కల్పితమే అయినా కాశీ దారి కల్పితం కాదు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో బయల్దేరి హైదరాబాదు, నిర్మల్, నాగపూర్, జబల్పూర్ మీదుగా కాశీ చేరి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. ఆ దారిలో ఎక్కువభాగం తర్వాత ఏడో నంబరు జాతీయరహదారిగా మారింది. 2010లో నంబర్లు మార్చేదాకా వారణాసి నుంచి కన్యాకుమారి దాకా 2,369 కిలోమీటర్ల ఆ రోడ్డే దేశంలో పొడవైనది. అది పోయేది హైదరాబాదు మీదుగానే. పటాన్‌చెరు నుంచి మేడ్చల్ వైపు వెళ్తే అందుకోవచ్చు... కాగితం మీదయినా సరే.

పటం మీద సూది

హైదరాబాదు నుంచి కాశీకి రోడ్డు మీద సుమారు 1,200 కిలోమీటర్లు. రోజుకి ఐదు చొప్పున నడిస్తే నెలన్నరకి నిర్మల్. మూడునెలలు దాటాక నాగపూర్. దాని పక్కనే రామ్‌టెక్. కాళిదాసు మేఘదూతంలో యక్షుడు మబ్బుకి దారి చెప్పిన రామగిరి ఇదేనని చాలామంది పండితుల మాట. ఇంకాస్త ముందుకి వెళ్తే సివనీ. కిప్లింగ్ 'జంగిల్ బుక్'లో మౌగ్లీ తిరిగిన అడవి అక్కడిదే. అయిదు నెలలకి జబల్పూర్, నర్మద. ఎనిమిది నెలలకి కాశీ. పిల్లలకి వేసవి సెలవుల్లో మొదలెట్టారనుకోండి, సంక్రాంతి ముగ్గుల వేళకి గంగ ఒడ్డున ఉంటారు.

ఐదు కిలోమీటర్లంటే దాదాపు ఏడువేల అడుగులు. పదివేలు కావాలంటారే అని అడగొచ్చు. ఆ పదివేల అంకె ఏ వైద్యుడూ కనిపెట్టింది కాదు. 1965 ప్రాంతంలో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఓ అడుగుల మీటరు పేరే 'పదివేల అడుగుల మీటరు'. అక్కణ్నుంచి పాకింది. 2019లో అమెరికాలో పెద్దవయసు మహిళల మీద చేసిన అధ్యయనంలో రోజుకి 4,400 అడుగులతోనే మేలు కనిపించింది. 7,500 దగ్గరకొచ్చేసరికి ఆ మేలు ఇక పెద్దగా పెరగలేదు.

అసలు చిక్కు ఎక్కడ నడవాలన్నది. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారం, కంది... పాతిక కిలోమీటర్ల పైచిలుకు దారి. 65వ నంబరు జాతీయరహదారి, ఇరువైపులా పరిశ్రమలు. పక్కన నడిచేవాడి గురించి ఆలోచించి వేసిన రోడ్డయితే కాదు. గాలి సంగతి సరేసరి. ఇక్కడి కాలుష్యం, నక్కవాగు గోడు 1990లోనే సుప్రీంకోర్టు గుమ్మం తొక్కాయి. అందుకే తెలిసినవాళ్లు హైవే వదిలి లోపలికి పోతారు. రామచంద్రాపురం భెల్ టౌన్‌షిప్ చెట్లనీడ, పటాన్‌చెరు సాకిచెరువు, సంగారెడ్డి మహబూబ్‌సాగర్ గట్టు. సైకిలున్నవాళ్లకి ఔటర్ రింగురోడ్డు పక్కన సౌరఫలకాల నీడలో 2023 అక్టోబరులో తెరిచిన 23 కిలోమీటర్ల ట్రాకుంది. దాని ఒక కొస కొల్లూరు. పటాన్‌చెరుకి దగ్గరే. చెరువుగట్టు మీద నలభైసార్లు తిరిగినా అదే గట్టు. అదే నలభై చుట్లని నిర్మల్ అడవిదారిలో వేసుకుంటే విసుగు కొంత తగ్గుతుంది.

అయితే ఈ ఆటలో ఎవరూ లెక్కలోకి తీసుకోనివాళ్లున్నారు. ఆ ఇస్నాపూర్ చౌరస్తాలో టిఫిన్ డబ్బా తగిలించుకుని వచ్చే సైకిలాయన. ఆరోగ్యం కోసమో సరదా కోసమో తొక్కడం లేదు, ఆటోకిచ్చే డబ్బులు మిగులుతాయని తొక్కుతున్నాడు. ఆయన గది ఫ్యాక్టరీకి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉందనుకుందాం. రానూపోనూ పన్నెండు. నెలకి ఇరవైఆరు రోజులు. అంటే 312 కిలోమీటర్లు. నాలుగు నెలలకొకసారి కాశీకి చేరిపోతున్నాడన్నమాట! ఏ యాప్‌లోనూ ఆయన పేరుండదు, ఏ పతకమూ ఇంటికి రాదు. ఇలాంటివాళ్లలో ఉత్తరప్రదేశ్, బీహార్‌ల నుంచి వచ్చినవాళ్లెందరో. కాశీ వాళ్లకి కథలోని ఊరు కాదు... ఇంటికెళ్లే రైలు దారిలోని స్టేషను.

మొదలెట్టడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. గోడమీద దేశపటం, ఓ గుండుసూది, నోటుపుస్తకం. ఎంత నడిచారో రాత్రి భోజనాలయ్యాక రాసుకోవాలి. సూది జరపడం పిల్లల పని. సూది ఆగిన ఊళ్లో ఏముందో చెప్పడం పెద్దవాళ్ల పని. ఆర్మూరు వస్తుంది, పసుపు గురించి అడుగుతారు. నిర్మల్ వస్తుంది, కొయ్యబొమ్మల గురించి అడుగుతారు. సివనీ దాకా వస్తే షేర్‌ఖాన్‌ని తప్పించుకోలేరు. రాత్రికి రాత్రి చదువుకునైనా సిద్ధంగా ఉండాలి. చెప్పలేకపోతే ఏమవుతుందో ఆ పశువుల కాపరి కుర్రాడు ముందే చెప్పేశాడు... అక్కణ్నుంచే వెనక్కి!