మందు ఒక్కటే, మోతాదు ఎవరిది వారిదే

ఒకే కాలనీలో నివసించే ఇద్దరు విశ్రాంత ఉద్యోగులను ఊహించుకుందాం. ఇద్దరికీ గుండెలో కృత్రిమ లోహ కవాటం అమర్చారు. ఇద్దరూ వార్ఫరిన్ మాత్రలే వాడుతున్నారు. ఒకరికి రోజుకు 2 మిల్లీగ్రాములు చాలు. మరొకరికి 8 మిల్లీగ్రాములు అవసరమవుతున్నాయి. డిస్పెన్సరీ వద్ద చీటీలు పోల్చి చూసుకుంటే, వైద్యుడు పొరబడ్డాడేమో అన్న సందేహం కలగడం సహజం. నిజానికి రెండు మోతాదులూ సరైనవే.

ఈ ఔషధ చరిత్ర విచిత్రమైనది. 1920వ దశకంలో ఉత్తర అమెరికాలో చెడిపోయిన స్వీట్ క్లోవర్ గడ్డిని మేసిన పశువులు రక్తస్రావంతో మరణించాయి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ పాల్ లింక్ బృందం అందుకు కారణమైన పదార్థాన్ని వేరుచేసింది. ఆ పరిశోధనల ఫలితమైన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా వెలువడి, 1954లో మానవ చికిత్సకు అనుమతి పొందింది.

రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కొన్ని మాంసకృత్తులు కాలేయంలో తయారు కావాలంటే విటమిన్ 'కె' అవసరం. వాడిన విటమిన్ 'కె' తిరిగి వినియోగానికి రాకుండా వార్ఫరిన్ అడ్డుకుంటుంది. ఈ అడ్డంకికి ఎంత సులువుగా లోబడతామన్నది ఒక జన్యువు మీద, మందును కాలేయం ఎంత వేగంగా విచ్ఛిన్నం చేస్తుందన్నది మరొక జన్యువు మీద ఆధారపడి ఉంటాయి. వయసు పెరిగేకొద్దీ సాధారణంగా తక్కువ మోతాదే సరిపోతుంది. కాలేయ వ్యాధి, థైరాయిడ్ ఉధృతి ఉన్నవారిలో మందు ప్రభావం హెచ్చుతుంది.

ఆహారం సంగతీ అంతే. పాలకూర, తోటకూర వంటి ఆకుకూరల్లో విటమిన్ 'కె' సమృద్ధిగా ఉంటుంది. వాటిని మానివేయనక్కరలేదు, ఒక వారం విపరీతంగా తిని మరో వారం పూర్తిగా మానడమే చిక్కు తెచ్చిపెడుతుంది. ఇతర మందులతోనూ జాగ్రత్త అవసరం. మెట్రోనిడజోల్, ఫ్లూకొనజోల్ వంటివి వార్ఫరిన్ ప్రభావాన్ని పెంచితే, క్షయకు వాడే రిఫాంపిసిన్ బాగా తగ్గిస్తుంది. ఆస్పిరిన్, నొప్పి మాత్రలు రక్తస్రావ ప్రమాదాన్ని అధికం చేస్తాయి.

అందువల్లనే 'ఐ.ఎన్.ఆర్.' అనే రక్తపరీక్ష తప్పనిసరి. ఈ సంఖ్య చాలామందిలో 2 నుండి 3 మధ్య ఉండాలి. మైట్రల్ స్థానంలో లోహ కవాటం ఉన్నవారికి ఇంకొంత ఎక్కువ కావాలి. సంఖ్య తగ్గితే గడ్డలు ఏర్పడి పక్షవాతం రావచ్చు. మితిమీరితే మెదడులోనో కడుపులోనో రక్తస్రావం కావచ్చు.

పరీక్షల బెడద అంతగా లేని డాబిగాట్రాన్, అపిక్సబాన్ వంటి నూతన ఔషధాలు 2010 ప్రాంతం నుండి వ్యాప్తిలోకి వచ్చాయి. వాటికీ మూత్రపిండాల పనితీరును, అపిక్సబాన్‌కైతే వయసును, శరీర బరువును కూడా గమనించాలి. లోహ కవాటం ఉన్నవారికి మాత్రం అవి పనికిరావు.

కనుక మిత్రుని మాత్ర మనకు కొలబద్ద కారాదు. మన దేశంలో విరివిగా వాడే ఎసినోకుమరాల్ కూడా ఇదే కోవకు చెందినదైనా, రెండింటి మిల్లీగ్రాములు సమానం కావు. ఒక పూట మాత్ర మరచిపోతే మరునాడు రెండు వేసుకోరాదు. పన్ను తీయించుకునే ముందు, గర్భధారణ ఆలోచన ఉన్నప్పుడు వైద్యునికి విధిగా తెలపాలి. మలం నల్లగా వచ్చినా, చిగుళ్ల నుండి రక్తం ఆగకపోయినా, తలకు దెబ్బ తగిలినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. తేదీ, మోతాదు, ఐ.ఎన్.ఆర్. రాసుకునే చిన్న పుస్తకం ఒకటి ఎల్లప్పుడూ జేబులో ఉంచుకోవడం శ్రేయస్కరం.