కొర్నాటి దీవులలో యాచ్ విహారం

కొర్నాటి దీవులు క్రొయేషియా తీరాన అడ్రియాటిక్ సముద్రంలో ఉన్న సున్నపురాతి దీవుల సముదాయము. అద్దె యాచ్‌లలో విహరించేవారికి ఇవి ప్రసిద్ధమైన గమ్యము. 1980లో ఇందులో అధికభాగాన్ని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. సుమారు 217 చ.కి.మీ. విస్తీర్ణము గల ఈ ఉద్యానవనంలో చిరుదీవులు, రాతి దిబ్బలతో కలిపి 89 దీవులు ఉన్నాయి.

పడవ అద్దె

యాచ్‌లను సాధారణంగా శనివారం నుండి శనివారం వరకు, వారం లెక్కన అద్దెకు ఇస్తారు. బియోగ్రాద్, ముర్తెర్, షిబెనిక్ రేవుల నుండి బయలుదేరవచ్చును. స్వయంగా నడపదలచినవారికి నౌకాచాలన అర్హతపత్రము, రేడియో వాడకంలో అర్హత ఉండాలి. లేనివారు సరంగును కూడ కుదుర్చుకోవాలి.

గాలులు

వేసవి మధ్యాహ్నాలలో వాయవ్యం నుండి వీచే మయిస్త్రల్ ప్రయాణానికి అనుకూలము. ఈశాన్యపు గాలి బురా నిర్మలాకాశంలో కూడ హఠాత్తుగా విరుచుకుపడుతుంది. ఆగ్నేయపు గాలి యుగో మబ్బులతో వచ్చి, మెల్లగా బలపడి, పెద్ద అలలను లేపుతుంది. బురాకు మాటుగా ఉన్న తీరపు ఒంపు యుగోకు ఎదురుగా ఉండవచ్చును. గాలి మారాక చీకటిలో, రాళ్ళ నడుమ కొత్త చోటు వెదకడం ప్రమాదకరము. కనుక ప్రతి రాత్రికి రెండు మజిలీలను ముందే ఎంచుకోవాలి. తిరుగు ప్రయాణానికి ఒక రోజు అదనంగా ఉంచుకోవాలి.

నీరు, నియమాలు

వాన నీరు సున్నపురాతిలోకి ఇంకిపోవడం వలన ఈ దీవులలో వాగులు లేవు. మంచినీటిని బయలుదేరే రేవులోనే నింపుకోవాలి. ఉద్యానవన ప్రవేశానికి రుసుము ఉంది. రాత్రి నిర్దేశించిన ఒంపులలో మాత్రమే లంగరు వేయాలి. దీవులపై నిప్పు రాజేయరాదు. 2007 ఆగస్టు 30న కొర్నాత్ దీవిలో చెలరేగిన మంటలలో చిక్కుకొని 12 మంది అగ్నిమాపక సిబ్బంది మరణించారు.