ఒక ఫాదర్‌ను దాచినందుకు

వియత్నాంలో హనోయికి దక్షిణాన నిన్ బిన్ ప్రాంతంలో ఫుక్ న్యాక్ అనే ఊరుంది. 1841లో ఈస్టర్ రోజుల్లో సైనికులు ఆ ఊరిని చుట్టుముట్టి ఇల్లిల్లూ గాలించారు. అరవై ఏళ్ల లే థి థాన్ పెరట్లో ఒక ఫ్రెంచి ఫాదర్ దొరికాడు. ఆరుగురు బిడ్డల తల్లి ఆమె. పట్టుకెళ్లి నామ్ దిన్ చెరసాలలో పడేశారు. సిలువను తొక్కితే వదిలేస్తామన్నారు. ఆమె తొక్కలేదు. ఒళ్లు చిట్లేలా కొట్టారు. చూడొచ్చిన కూతురు నెత్తుటి బట్టలు చూసి ఏడిస్తే, ఇవి గులాబీలేనమ్మా అని తల్లే ఓదార్చిందని అక్కడి క్రైస్తవులు నేటికీ చెప్పుకుంటారు. జూలై 12న ఆమె చెరలోనే ప్రాణం విడిచింది.

రాజులకు ఇంత కోపం ఎందుకు? పితృదేవతల పూజ మానేసినవాళ్లు రేపు రాజు మాట వింటారా అన్నది కన్ఫ్యూషియన్ కొలువు అనుమానం. 1833లో మిన్ మాంగ్ చక్రవర్తి క్రైస్తవాన్ని నిషేధించాడు. అదే ఏడు దక్షిణాన లే వాన్ ఖోయ్ తిరుగుబాటులో క్రైస్తవులూ చేరడంతో అనుమానం పగగా మారింది. 1858లో ఫ్రెంచి, స్పానిష్ నౌకలు క్రైస్తవుల్ని కాపాడతామంటూ దా నాంగ్ మీద దాడికి దిగాయి. కాపాడటం మాట దేవుడెరుగు, ఆ ఫిరంగుల మీది కసిని కొలువు ఊళ్లలోని క్రైస్తవ రైతుల మీద తీర్చుకుంది.

1861లో టూ డుక్ చక్రవర్తి ఇచ్చిన ఫర్మానా అన్నిటికన్నా ఘోరం. క్రైస్తవుల ఊళ్లను చెదరగొట్టి, మనుషుల్ని ఇతర ఊళ్లకు పంచేశారు. ఒక్కొక్క క్రైస్తవుడికి అయిదుగురు కాపలా. మొగుడొక చోట, పెళ్లాం ఒక చోట, పిల్లలు ఇంకెవరింట్లోనో. పొలాలు, ఇళ్లు పొరుగువాళ్ల పాలు. ఒక చెంప మీద ‘తప్పుడు మతం’ అన్న అక్షరాలు, రెండో చెంప మీద వాళ్ల ప్రాంతం పేరు వాత వేశారు. చంపిన రాజుల కథలు చరిత్రలో చాలానే ఉన్నాయి. ఇక్కడ బతికున్న మనిషి ముఖాన్నే నేరపత్రం చేశారు. 1862 సైగాన్ ఒప్పందంతో నిషేధం సడలింది కానీ, 1885లో ఫ్రెంచివారిపై తిరుగుబాటు లేచినప్పుడు మళ్లీ క్రైస్తవుల ఊళ్లు తగలబడ్డాయి.

1988 జూన్ 19న రెండవ జాన్ పాల్ పోపు 117 మందిని పునీతులుగా ప్రకటించారు. వారిలో 96 మంది వియత్నామీయులు. మొత్తం 117 మందిలో 59 మంది గృహస్థులు, ఉపదేశులు, సైనికులు వంటి మామూలు జనం. ఆడమనిషి లే థి థాన్ ఒక్కరే. అసలు చనిపోయినవారు లక్షకు పైనే అని అంచనా. వారిలో ఎక్కువమంది పేర్లు ఏ దస్త్రానికీ ఎక్కలేదు.

ఈ వేదసాక్షుల స్మరణ నవంబర్ 24. మన గుడుల్లోనూ ఆ రోజు ఆండ్రూ డుంగ్ లాక్ గురువు పేరు వినబడుతుంది. గురువుల్ని దాచినవాళ్లను, చెంపల మీద వాతలు పడ్డ ఆ ఊళ్లవాళ్లను కూడా ప్రసంగంలో ఒక్క మాట తలవమని ఈసారి మీ ఫాదర్‌ను అడగండి.