పాత గోడలు – కొత్త కాపురము

ఇల్లు పాతబడినంతనే పడగొట్టి, ఆ స్థలముననే కొత్తది కట్టుట నేడు మనకు అలవాటైనది. కూల్చుటకగు కూలిని లెక్కింతుము. కట్టుటకగు వ్యయమును లెక్కింతుము. కాని పాత గోడలలో ఒదిగియున్న శ్రమను, ఇంధనమును మాత్రము లెక్కింపము.

సున్నమునే తీసికొందము. నూరు కిలోల శుద్ధమైన సున్నపురాతిని కాల్చినచో 56 కిలోల సున్నము మిగులును. 44 కిలోలు బొగ్గుపులుసు వాయువై గాలిలో కలియును. సిమెంటు బట్టీలో సున్నపురాయి ఇట్లే మారును; పైగా అచ్చట వేడి సుమారు 1450 డిగ్రీలకు చేరవలెను. ఇటుక కాలుటకు బొగ్గో, కట్టెయో, ఊకయో కావలెను. నిలిచియున్న గోడ ఈ ఖర్చునంతను ఏనాడో చెల్లించినది. దానిని కూల్చి మరల కట్టుట తీరిన అప్పును తిరిగి చేయుట వంటిది.

కట్టడమును నిలిపి, దాని ప్రయోజనమును మార్చుకొనవచ్చును. లండనులో 1981లో మూతపడిన బ్యాంక్‌సైడ్ విద్యుత్కేంద్రము 2000లో టేట్ మోడరన్ చిత్రశాలగా తెరువబడినది. యంత్రములు తిరిగిన మహామందిరమే నేడు ప్రదర్శనశాల. మన హైదరాబాదులో, 19వ శతాబ్ది తొలినాళ్ళలో బ్రిటిషు ప్రతినిధికై వెలసిన కోఠీ రెసిడెన్సీ 1949లో ఉస్మానియా మహిళా కళాశాలకు నెలవైనది. దర్బారు తీరిన సౌధమున బాలికలు చదువుకొనిరి. అయితే వాడుక ఒక్కటే చాలదు, పోషణయు కావలెను. ఆ సౌధము శిథిలమగుచుండగా 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ దానిని ఆపదలోనున్న కట్టడముల పట్టికలో చేర్చెను. పిమ్మట జీర్ణోద్ధరణము జరిగినది.

ఇక మన ఇండ్ల సంగతి. పునాది కుంగినదా, దూలములకు చెదలు పట్టినదా, గోడ వాలినదా అని ముందుగా తెలిసినవారిచే చూపించుకొనవలెను. పాత సున్నపు గోడలు తేమను పీల్చి విడుచుచుండును. వానిపై సిమెంటు పూసినచో తేమ లోననే నిలిచి, పూత పెచ్చులూడును, గోడయు చెడును. కావున సున్నపు గోడకు సున్నపు పూతయే తగినది.

అన్ని ఇండ్లు నిలుచునని మేము చెప్పబోము. ప్రాణాపాయముగా నున్నదానిని తొలగింపవలసినదే. అప్పుడైనను తొందరపాటు కూడదు. సున్నముతో కట్టిన ఇటుకలు నేర్పుగా విప్పినచో చాలవరకు ముక్కలు కాక వచ్చును. సిమెంటుతో అతికినవి తరచు పగులును. టేకు ద్వారబంధములు, దూలములు, కడప రాళ్ళు, పెంకులు మరియొక ఇంటికి అక్కరకు వచ్చును. కూల్చువారితో బేరము కుదుర్చుకొనుటకు పూర్వము, ఒక ఇంజనీరును, అనుభవముగల తాపీమేస్త్రీని పిలిచి ఇల్లంతయు చూపించుడు.