అంతరిక్షవిద్యకు పూచీదారులు



2023 వ సంవత్సరము ఆగస్టు 23 వ తేదీ సాయంకాలమున మన చంద్రయాన నౌక చంద్రుని దక్షిణధ్రువ ప్రాంతమున దిగినప్పుడు మీలో పెక్కుమంది ఆ దృశ్యమును చూచియే యుందురు. ఆ నౌక బయలుదేరినది మన తెలుగునేలపైనున్న శ్రీహరికోటనుండియే. ఆ విజయమును వర్ణించుటకు నేడు నేను రాలేదు. అట్టి విద్యను నేర్వగోరు పిల్లలకు దాని లోతులు తెలుపు గ్రంథములు ఎట్లు లభించును, వాని వెల నెవరు భరింతురు, అందు మనవంటి పెద్దలకు పని యేమైన గలదా యను విషయమును మనవిచేయ వచ్చితిని.

నేను ముప్పదియేండ్లు ఉన్నతపాఠశాలలో భౌతికశాస్త్రము బోధించి విశ్రాంతి పొందినవాడను. కొంతకాలము క్రిందట మా పొరుగూరి రైతు కూతురు, ఇంటర్మీడియేటు చదువుచున్న పిల్ల, మా యింటికి వచ్చినది. “మాస్టారూ, రాకెట్టు అడుగునుండు గొట్టము నడుమ సన్నమై, పిదప గంటవలె విచ్చుకొనుట యెందుకండీ? ఆ వెడల్పు ఎంత యుండవలెనో లెక్క కట్టుట యెట్లు?” అని యడిగినది.

మొదటి ప్రశ్నకు జవాబు చెప్పితిని. కాలువ సన్నబడినచోట నీరు వడిగా పారుననియు, వెడల్పైనచోట మందగించుననియు మన మెరుగుదుము. రాకెట్టులో మండిన వాయువును సన్నని కంఠమువరకు అట్లే వడి హెచ్చించుకొని, అచ్చట ధ్వనివేగము నందుకొనును. ధ్వనివేగమును మించిన పిదప ధర్మము తలక్రిందగును. అప్పుడు వెడల్పైనకొలది వాయువు వ్యాకోచించి, వడి యింకను హెచ్చును. అందుచేతనే ఆ గంట యాకారము. ఇంతవరకు నేను చెప్పగలిగితిని. రెండవ ప్రశ్నకు జవాబు నాయొద్ద లేకపోయెను.

ఆమె తన ఫోనులో ఒక విదేశపు శాస్త్రపత్రికను చూపినది. ఆ విషయముపై వ్యాస మందున్నది. పైనున్న నాలుగు పంక్తులు ఉచితము. తక్కినది చదువవలెనన్న వారి యింట కొన్నిదినముల సంపాదన చెల్లింపవలెను. “పెద్దలెవరైన ఉత్తరము వ్రాసి పూచీపడినయెడల విద్యార్థులను ఉచితముగా చదువనిచ్చువారు కొందరున్నారట. మీరు వ్రాసెదరా?” అని యడిగినది. నేను, “ముందు పరీక్ష గట్టెక్కుము తల్లీ, ఇవన్నియు తరువాత చూతము” అంటిని. ఆమె మారుమాట లేక వెళ్ళిపోయినది. ఆ రాత్రి నా మాట నాకే నచ్చలేదు.

వార్తాపత్రికలు చదివి తృప్తిపడరాదా, ఇంత లోతైన గ్రంథము లెందుకని మీరడుగవచ్చును. ఒక ఉపమానము చెప్పెదను. దూరప్రయాణమునకు బయలుదేరిన బండి దారిపొడుగునను ఎడ్లకు కావలసిన మేతను తానే మోయవలసియున్న దనుకొనుడు. మేత హెచ్చినకొలది బండి బరువెక్కును. ఆ బరువును లాగుటకు మరికొంత మేత కావలెను. రాకెట్టు పాటు ఇట్టిదే. భూమిచుట్టు తిరుగవలెనన్న సెకనుకు సుమారు 8 కిలోమీటర్ల వేగము కావలెను. గాలి రాపిడికిని, భూమ్యాకర్షణకును పోవునది కలిపి సుమారు 9 కిలోమీటర్ల వేగమునకు సరిపడు శక్తి కావలెను. గొట్టమునుండి వాయువు సెకనుకు 3 కిలోమీటర్ల వేగమున వెలువడునేని, బయలుదేరునప్పుటి బరువులో 20 పాళ్ళకు 19 పాళ్ళు ఇంధనమే కావలెను. మిగిలిన ఒక్క పాలులోనే రాకెట్టు దేహము, యంత్రములు, మోయవలసిన సరకు నన్నియు ఇమడవలెను. ఈ లెక్కను సంవర్గమానములతో కట్టుదురు. వార్తాపత్రిక రాకెట్టు ఎగిరినదని చెప్పును. ఎట్లెగిరినదో చెప్పునది శాస్త్రగ్రంథమే.

ఈ లెక్కను అంతరిక్షయానమున కన్వయించి 1903 లో ప్రకటించినవాడు రష్యా దేశపు కాన్‌స్టాంటిన్ త్సియోల్‌కోవ్‌స్కీ. బాల్యమున జ్వరము సోకి ఆయనకు చెవులు దాదాపుగా వినరాకుండెను, పాఠశాల సాగలేదు. 1873 లో తండ్రి ఆయనను పదునారవయేట మాస్కో నగరమునకు పంపెను. ఇంటినుండి వచ్చు కొలదిపాటి రూబుళ్ళను పుస్తకములకును, రసాయనద్రవ్యములకును వెచ్చించి, ఆ బాలుడు నల్లరొట్టెతో కాలము గడపెను. అచ్చటి గ్రంథాలయమున ఫ్యోదొరోవ్ అను ఉద్యోగి యుండెను. ఆయన తన స్వల్పజీతమును బీదలకు పంచిపెట్టుచుండెడివాడు. ఈ చెవిటి బాలునకు సామాన్యులకీయని పుస్తకములను సైతము తెచ్చియిచ్చెను. తన్ను కూడ పోషింపవలెనని ఆయన తలచెననియు, తన బిడియముచే అది సాగలేదనియు త్సియోల్‌కోవ్‌స్కీ తరువాత వ్రాసికొనెను. కళాశాల మెట్టెక్కని యా బాలునకు మూడేండ్లపాటు ఆ గ్రంథాలయమే కళాశాల యయ్యెను.

మరియొక సంగతి. జర్మనీలోని హైడెల్‌బెర్గు నగరమున హెర్మన్ ఓబర్త్ అను విద్యార్థి అంతరిక్షయానముపై పరిశోధన సాగించుచుండెను. అమెరికాలో గొడ్డార్డు అను ఆచార్యుడు ఈ విషయముననే గ్రంథము ప్రకటించెనని విని, అది తనకు దొరకక, 1922 లో ఆయనకే ఉత్తరము వ్రాసెను. గొడ్డార్డు గ్రంథము పంపెను. ఆ సంవత్సరముననే ఓబర్త్ సమర్పించిన పరిశోధనవ్యాసమును విశ్వవిద్యాలయము త్రోసిపుచ్చగా, 1923 లో ఆయన దానిని గ్రంథముగా వెలువరించెను. ఆ గ్రంథమును చదివి ఐరోపాలో ఎందరో యువకులు ఈ విద్యలో ప్రవేశించిరి. గొడ్డార్డు తానును ఒకప్పుడు సహాయ మర్థించినవాడే. ఆయన 1916 లో స్మిత్‌సోనియన్ సంస్థకు విన్నపము వ్రాసికొనగా, వారు 1917 లో 5,000 డాలర్లు మంజూరు చేసిరి. 1926 మార్చి 16 వ తేదీన ఆయన ద్రవ ఇంధనముతో నడచు మొదటి రాకెట్టును ఎగురవేసెను. అది ఎగిరినది రెండున్నర సెకనులు మాత్రమే.

మూడవది మనవంటి పల్లెలకు దగ్గరిది. అమెరికాలోని వెస్టువర్జీనియా రాష్ట్రమున కోల్‌వుడ్ అను బొగ్గుగని గ్రామము కలదు. 1957 లో రష్యావారి ఉపగ్రహము ఆకాశమున పోవుట చూచి హోమర్ హికమ్ అను బాలుడును, వాని మిత్రులును రాకెట్లు చేయ బూనిరి. ఫ్రీడా రైలీ అను ఉపాధ్యాయిని వారికి రాకెట్ల నిర్మాణమును తెలుపు గ్రంథ మొకటి సంపాదించి యిచ్చెను. ఇందలి గణితము మీకు అర్థము కాదని ఆమె అనలేదు, నేర్చుకొనుడనెను. గని కార్ఖానాలోని పనివారు ఇనుమును తొలిచి గొట్టములు చేసియిచ్చిరి. 1960 లో ఆ బాలునకు జాతీయ విజ్ఞానప్రదర్శనమున బహుమానము వచ్చెను. పెద్దవాడై అతడు అమెరికా అంతరిక్షసంస్థయగు నాసాలో ఇంజనీరుగా పనిచేసెను.

ఈ మూడు సంగతులలోను పిల్లలకు శ్రద్ధ ముందే యున్నది. కొరవడినది పుస్తకము. దాని నందించినవారు ఒకచోట గ్రంథాలయోద్యోగి, ఒకచోట దూరదేశపు ఆచార్యుడు, మరియొకచోట పల్లె ఉపాధ్యాయిని. వీరెవరును కోటీశ్వరులు కారు.

ఈ ధర్మము మన ప్రాంతమునకును క్రొత్తది కాదు. 1914 లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘ మేర్పడెను. కృష్ణా కాలువలపై పడవలలో పుస్తకములను రేవురేవునకు చేర్చి చదివించిన పెద్దలు మన జిల్లాలలోనివారే.

నేటి సౌకర్యములను కూడ మనవి చేసెదను. నాసాను స్థాపించిన 1958 నాటి శాసనమే అది సేకరించు విజ్ఞానమును సాధ్యమైనంత విరివిగా వెల్లడింపవలెనని విధించినది. తత్ఫలితముగా ఆ సంస్థ నివేదికలు వేలకొలదిగా ఉచితముగా చదువ దొరకుచున్నవి. మన ఇస్రో సంస్థవారు 2019 లో యువికా అను శిక్షణమును ప్రారంభించిరి. తొమ్మిదవ తరగతి విద్యార్థులను ఎన్నుకొని, ప్రయాణవ్యయము, బస, భోజనము తామే భరించి సుమారు రెండువారములు అంతరిక్షవిద్యను పరిచయము చేయుదురు. ఎన్నికలో పల్లె పాఠశాలల పిల్లలకు ప్రత్యేకముగా మార్కులు కలుపుదురు. శ్రీహరికోటయు, హైదరాబాదులోని దూరసంవేదన కేంద్రమును ఈ శిక్షణ నిచ్చినవానిలో నున్నవి. ఇంతియగాక, 2024 నవంబరులో కేంద్రప్రభుత్వము “ఒకే దేశము–ఒకే చందా” అను పథకమును ఆమోదించి, మూడేండ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించినది. దీనిచే ప్రభుత్వ ఉన్నతవిద్యాసంస్థల విద్యార్థులకు సుమారు 13,000 శాస్త్రపత్రికలు చందా లేకయే చదువ వీలు కలిగినది.

అయితే మా పొరుగూరి పిల్లవంటివారు ఈ పథకమునకు వెలుపలనే యున్నారు. తొమ్మిదవ తరగతి దాటినది. విశ్వవిద్యాలయము నింకను చేరలేదు. ఈ నడిమి యేండ్లలోనే ఉత్సాహము నిలుచుటయో, ఆరిపోవుటయో జరుగును. ఇచ్చటనే మన పూచీ కావలెను.

మనము చేయదగిన పనులు గొప్పవి కావు. పిల్ల చదువుచున్న దేమో, కోరుచున్న దేమో తెలిసికొని, ప్రధానోపాధ్యాయునిచేత ఒక యోగ్యతాపత్రము వ్రాయింపవచ్చును. దగ్గరి ప్రభుత్వకళాశాల గ్రంథాలయమున కూర్చుండి చదువుకొనుటకు అనుమతి యడుగవచ్చును. వ్యాసము వ్రాసిన ఆచార్యునకే మర్యాదగా ఉత్తరము వ్రాయింపవచ్చును. తమ వ్యాసమును ఉచితముగా పంపు ఆచార్యులు పెక్కుమంది కలరు. పిల్లలకు ఒక మాట మాత్రము చెప్పవలెను. రాకెట్టు ఆయుధము కూడ నగును గనుక, దేశములు రహస్యముగా నుంచు సంగతులు కొన్ని కలవు. వానిజోలికి పోక, వెలకు మాత్రమే మూతపడిన విద్యను అడిగిన తప్పులేదు.

మరునాడు నేనే వారి యింటికి పోయితిని. “అమ్మాయీ, నిన్న నేనన్నమాట తప్పు. కాగితము తెమ్ము” అంటిని. ఆమె తండ్రి అరుగుమీద కూర్చుండి మావంక చూచుచుండగా ఉత్తరము వ్రాసి, నా పేరు క్రింద చేవ్రాలు చేసితిని. ఇరువది దినములకు వ్యాసము వచ్చినది. అందలి గణితము సగము నాకును క్రొత్తయే. ఇప్పుడు ఆదివారములందు మేమిద్దరమును దానిని కలిసి చదువుచున్నాము.

మీ గ్రామమునందును ఇట్టి ప్రశ్నతో ఎవరో యొకరు మీ గుమ్మము నెక్కవచ్చును. నేను మొదట చెప్పిన జవాబు మీరు చెప్పకుందురుగాక యని కోరుచున్నాను.